ఫిల్ములోనే చీకటి గది: పాత పోలరాయిడ్ 600 వాడకం

పోలరాయిడ్ 600 కెమెరాలో ఫొటో కడిగే పని మొత్తం ఫిల్ములోనే జరిగిపోతుంది. స్టూడియో అక్కర్లేదు, చీకటి గది అక్కర్లేదు, నెగెటివు దాచుకునే పనీ లేదు. బటన్ నొక్కగానే కెమెరా ముందువైపున్న సన్నటి చీలికలోంచి తెల్లటి అంచులున్న అట్టలాంటి కాగితం ఒకటి బయటికొస్తుంది. పావుగంటలో అందులో బొమ్మ తేలుతుంది. ఆ కాగితమే ఫిల్ము, అదే నెగెటివు, అదే ప్రింటు. రెండో కాపీ ఉండదు. ఈ కెమెరాను ఎంత దూరం నుంచి వాడాలి, వెలుతురు ఎటు ఉండాలి, ఎండాకాలంలో ఏం చేయాలి అని చెప్పే నియమాలన్నీ ఈ ఒక్క సంగతి నుంచే పుట్టాయి. ఫిల్ము లోపల ఏం జరుగుతుందో తెలిస్తే వాటిలో ఏ ఒక్కదాన్నీ బట్టీ పట్టనక్కర్లేదు.

తీసిన వెంటనే చూసుకునే ఫొటో అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ లాండ్ ఆలోచన. పోలరాయిడ్ కంపెనీని 1937లో స్థాపించింది ఆయనే. 1943 డిసెంబరులో కుటుంబంతో శాంటా ఫే వెళ్లినప్పుడు, ఇప్పుడు తీసిన ఫొటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని మూడేళ్ల కూతురు జెనిఫర్ అడిగిందనీ, తన పరిశోధన అక్కడ మొదలైందనీ లాండ్ తర్వాత చెప్పారు. 1947 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో ఆప్టికల్ సొసైటీ ఆఫ్ అమెరికా సమావేశంలో ఆయన ఈ పద్ధతిని చేసి చూపించారు. మరుసటి ఏడాది నవంబరు 26న బోస్టన్‌లోని జోర్డన్ మార్ష్ దుకాణంలో మోడల్ 95 కెమెరా 89 డాలర్ల 75 సెంట్లకు అమ్మకానికి వచ్చింది. తెచ్చినవన్నీ ఆ రోజే అయిపోయాయి. అప్పటి ఫొటోలు గోధుమ ఛాయలో ఉండేవి. ఒక నిమిషం ఆగి ప్రింటును నెగెటివు నుంచి ఒలిచి తీయవలసి వచ్చేది. రంగుల ఫిల్ము 1963లో వచ్చింది. ఒలిచే పని 1972లో ఎస్‌ఎక్స్-70తో పోయింది. అన్ని పొరలూ ఒకే కాగితంలో ఇమిడిపోవడం అప్పుడే మొదలు.

అయితే ఎస్‌ఎక్స్-70 ఖరీదైన మడత కెమెరా. దానికి దూరాన్ని బట్టి లెన్సు తిప్పి స్పష్టత కుదుర్చుకోవాలి. 1977లో వచ్చిన వన్‌స్టెప్ అదే ఫిల్మును మామూలు ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి 40 డాలర్ల లోపు ధరకు ఇచ్చింది. లెన్సు కదలదు, తిప్పాల్సిందేమీ ఉండదు. 1981లో నాలుగు రెట్లు వేగమైన 600 ఫిల్ము, దానికి తగినట్టు ఫ్లాష్ బిగించి ఉన్న బాక్సు కెమెరాలు వచ్చాయి. పాత కెమెరా మొదటిసారి చేతికి తీసుకునేవారికి వీటినే సూచించాలి. ఇంకా చాలా దొరుకుతాయి, ఫిల్ము ఇప్పటికీ తయారవుతోంది, పైగా బ్యాటరీ కోసం వెతుక్కోనక్కర్లేదు. బ్యాటరీ ఫిల్ము ప్యాకులోనే అడుగున పల్చటి రేకులా ఉంటుంది. ప్యాకు మార్చిన ప్రతిసారీ కెమెరాకు కొత్త బ్యాటరీ వచ్చినట్టే. ముప్ఫై నలభై ఏళ్లు బీరువాలో పడి ఉన్న కెమెరా కూడా కొత్త ప్యాకు పెట్టగానే పనిచేయడానికి ఇదే పెద్ద కారణం.

ఇక ఫిల్ము సంగతి. ఫొటో కింది అంచు మిగతా మూడు అంచులకన్నా వెడల్పుగా ఉంటుంది. పేరు రాసుకోవడానికి విడిచిన చోటు అనుకుంటారు చాలామంది. అసలు అవసరం వేరు. ఆ అంచులో చిన్న షాంపూ ప్యాకెట్ లాంటి సంచి దాగి ఉంటుంది, అందులో చిక్కటి రసాయనపు ముద్ద ఉంటుంది. క్లిక్ అన్న వెంటనే కెమెరాలోని మోటారు ఫిల్మును రెండు లోహపు రోలర్ల మధ్య నుంచి బయటికి తోస్తుంది. వెడల్పు అంచు ముందుగా వెళ్తుంది కాబట్టి సంచి మొదట నలిగి పగులుతుంది. ఆ తర్వాత ఫిల్ము సాగే కొద్దీ ముద్ద పొరల మధ్య సమానంగా పరుచుకుంటూ అవతలి అంచు దాకా వెళ్తుంది. మిగిలింది అక్కడ ఆగిపోతుంది. ఇదంతా ఒక్క సెకను పని. ఆ ఒక్క సెకనులో రోలర్లు శుభ్రంగా ఉన్నాయా, ఫిల్ముకు ఎక్కడైనా వేలు అడ్డొచ్చిందా అన్నదాన్ని బట్టి ఫొటో భవిష్యత్తు తేలిపోతుంది.

ముద్ద కింద వెండి లవణాల పొరలు మూడు ఉంటాయి. ఒకటి నీలి వెలుగుకు, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు స్పందిస్తుంది. ఒక్కో పొరకు జతగా ఒక్కో అద్దకం: నీలి పొరకు పసుపు, ఆకుపచ్చ పొరకు మెజెంటా, ఎరుపు పొరకు సయాన్. ముద్దలోని క్షారం తగలగానే ఈ అద్దకాలు కరిగి పైకి కదలడం మొదలవుతుంది. వెలుగు పడిన చోట వెండి తన జత అద్దకాన్ని పట్టి ఆపేస్తుంది, పడని చోట వదిలేస్తుంది. ఎర్ర చీర కట్టుకున్న మనిషిని ఫొటో తీస్తే చీర నుంచి వచ్చిన ఎర్ర వెలుగు ఎరుపు పొర మీద మాత్రమే పనిచేస్తుంది. అక్కడ సయాన్ ఆగిపోతుంది. పసుపు, మెజెంటా రెండూ తప్పించుకుని పై పొరకు చేరతాయి. ఆ రెండూ కలిస్తే కంటికి కనబడేది ఎరుపే. తెల్ల పంచె ఉన్న చోట మూడు అద్దకాలూ ఆగిపోతాయి, నల్లటి జుట్టు ఉన్న చోట మూడూ పైకి వచ్చేస్తాయి.

ఇక్కడో చిక్కుంది. ఫిల్ము బయటికొచ్చేది పట్టపగటి వెలుతురులోకి. లోపల వెండి ఇంకా పని ముగించలేదు. దాని మీద కొత్తగా వెలుగు పడితే బొమ్మంతా చెడుతుంది. లాండ్ బృందం దీనికి కనిపెట్టిన ఉపాయం ఆ కెమెరాలన్నిటిలోకీ గొప్పది. ముద్దలో క్షారం ఉన్నంతసేపూ ముదురు రంగులో ఉండి, క్షారం తగ్గగానే రంగు పోయే పదార్థాలు కలిపారు. బడి ప్రయోగశాలలో ఫినాఫ్తలీన్ చుక్క వేసినవారికి ఈ గుణం తెలిసిందే. ఫిల్ములోని ఆమ్లపు పొర నెమ్మదిగా క్షారాన్ని తటస్థం చేస్తుంది. అప్పటిదాకా ఆ ముదురు తెర వెండి పొరలకు గొడుగు పడుతుంది. తర్వాత తానే వెలిసిపోతుంది. ముద్దలోని టైటానియం డయాక్సైడ్ మాత్రం తెల్లటి నేపథ్యంగా మిగిలిపోతుంది. బొమ్మలోని తెలుపంతా అదే. బొమ్మ కళ్ల ముందు మెల్లమెల్లగా తేలడంలో సగం అద్దకాలు పైకి రావడం, సగం ఆ తెర తొలగడం.

ఈ కథలో ఇంకో మలుపు 2008లో వచ్చింది. పోలరాయిడ్ కంపెనీ ఆ ఏడాది ఫిల్ము తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడే పట్టణంలో మూతబడబోతున్న ఫ్యాక్టరీ యంత్రాలను కొందరు కలిసి కొనుక్కున్నారు. తమ ప్రయత్నానికి ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అని పేరు పెట్టుకున్నారు. యంత్రాలు దొరికాయి కానీ, ఫిల్ములో వాడే రసాయనాల్లో చాలావాటిని అప్పటికి ఎవరూ తయారు చేయడం లేదు. ఫార్ములాను దాదాపు మొదటినుంచీ మళ్లీ కట్టుకురావలసి వచ్చింది. 2010లో వాళ్ల మొదటి ప్యాకులు బజారుకొచ్చాయి. అదే సంస్థ ఇప్పుడు పోలరాయిడ్ పేరుతోనే ఫిల్ము అమ్ముతోంది. వాళ్లు పట్టు వదిలి ఉంటే ఇళ్లలోని లక్షలాది కెమెరాలు అలంకార వస్తువులుగా మిగిలేవి. అయితే కొత్త ఫిల్ములోని ముదురు తెర పాతదానంత గట్టిది కాదు, బొమ్మ తేలడానికి పట్టే సమయం కూడా ఎక్కువ. అందుకే ఎనభైల నాటి కెమెరాతో వచ్చిన సూచనల పుస్తకం ఉన్నా, ఫొటో బయటికొచ్చాక చేయవలసిన పనుల్లో దాన్ని నమ్ముకోకూడదు.

పాత కెమెరా దొరికితే ముందుగా పక్కనున్న మీట జరిపి ముందు తలుపు తెరవాలి. లోపల పాత ఖాళీ కార్ట్రిడ్జ్ ఉంటే బయటికి తీసి, తలుపులోని రెండు రోలర్లను చూడాలి. ఎండిపోయిన రసాయనం వాటిమీద గట్టిపడి ఉండడం సర్వసాధారణం. నీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తటి నూలుగుడ్డతో, రోలర్లను కొద్దికొద్దిగా తిప్పుతూ తుడవాలి. గోరుతోనో కత్తితోనో గీకితే లోహం మీద గాట్లు పడతాయి, ఆ గాట్లు ఇక ప్రతి ఫొటోలోనూ కనిపిస్తాయి. తడి ఆరాక తలుపు మూయాలి. రోలర్లు తుడవడం ప్యాకు మార్చిన ప్రతిసారీ చేయవలసిన పని. అద్దకం, కాంతి గురించి ఎంత తెలిసినా ఈ పని మరిచినవారి ఫొటోల్లో ఒకే ఎడంలో వరసగా మచ్చలు వస్తాయి.

ఫిల్ము కొనేటప్పుడు పెట్టె మీద 600 అని స్పష్టంగా ఉండాలి. ఐ-టైప్ అన్న ప్యాకు చూడడానికి అచ్చం ఇలాగే ఉంటుంది, కాస్త చవక కూడా. కానీ అందులో బ్యాటరీ ఉండదు కాబట్టి పాత కెమెరాలో మోటారు కదలదు. ఎస్‌ఎక్స్-70 ప్యాకు కొలతలూ ఇవే, దానిలో బ్యాటరీ కూడా ఉంటుంది. అయితే దాని వేగం నాలుగో వంతే కాబట్టి 600 కెమెరాలో ఫొటోలు చీకటిగా వస్తాయి. 2008కి ముందు తయారై సీలు తీయని పాత ప్యాకులు అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తుంటాయి. వాటిలో బ్యాటరీ నీరసించి, సంచిలోని ముద్ద ఎండిపోయి ఉంటుంది. వాటికి డబ్బు పెట్టడం వృథా. కొత్త ప్యాకైనా తయారీ తేదీ చూసి, ఏడాది లోపు వాడేసుకోవడం మంచిది. అంతవరకూ ఫ్రిజ్‌లో కింది అరలో పడుకోబెట్టి ఉంచాలి. ఫ్రీజర్‌లో పెడితే సంచిలోని ముద్ద గడ్డకట్టి పాడవుతుంది. వాడడానికి గంటా రెండు గంటల ముందు బయటికి తీసి, గది వేడికి వచ్చాకే కవరు చించాలి.

ప్యాకును అంచులు పట్టుకునే ఎత్తాలి. నడుమ నొక్కితే సంచి ముందే చిట్లవచ్చు. నల్లటి అట్ట పైకి ఉండేలా లోపలికి తోసి తలుపు మూయగానే మోటారు గిర్రుమని, ఆ నల్ల అట్ట బయటికొస్తుంది. అది వచ్చిందంటే బ్యాటరీ, మోటారు, రోలర్లు మూడూ పనిచేస్తున్నట్టు. రాకపోతే ప్యాకులోని బ్యాటరీ పోయి ఉండాలి, లేదా కెమెరాలోనే లోపం ఉండాలి. వెనకవైపు చిన్న కిటికీలో 10 అంకె కనిపిస్తుంది. పాత ప్యాకులో పది ఫొటోలుండేవి, ఇప్పటి ప్యాకులో ఎనిమిదే. అంకె తగ్గుతూ 2 దగ్గరికి వచ్చిందంటే ఫిల్ము అయిపోయిందని లెక్క. మధ్యలో తలుపు తెరిస్తే పైనున్న ఫిల్ము వెలుగు తగిలి పోతుంది, అంకె కూడా మళ్లీ మొదటికొస్తుంది.

ఫొటో తీసేవారి చేతిలో ఉండే నిర్ణయాలు నిజానికి రెండే: దూరం, వెలుతురు. కదలని లెన్సు కనుక నాలుగు అడుగులకన్నా దగ్గరగా ఉన్నదేదైనా మసకబారుతుంది. ముఖం నిండుగా రావాలని రెండడుగుల దూరానికి వెళ్లడమే కొత్తవారి ఫొటోలు ఎక్కువగా చెడగొట్టే పని. క్లోజప్ మోడళ్లలో లెన్సు ముందుకు ఇంకో చిన్న లెన్సు జరిగే ఏర్పాటుంటుంది. దాన్ని జరిపితే రెండు నుంచి నాలుగు అడుగుల దాకా స్పష్టంగా వస్తుంది, మళ్లీ వెనక్కి జరపడం మరిచిపోతే దూరపు దృశ్యాలు మసకబారతాయి. ఇంకొకటి, కంటితో చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. రెండింటి మధ్యా కొన్ని అంగుళాల ఎడం ఉంది. దూరపు చెట్టుకు ఈ తేడా లెక్కలోకి రాదు. నాలుగు అడుగుల్లో ఉన్న మనిషి తల మాత్రం కోసుకుపోవచ్చు, కాబట్టి దగ్గరి ఫొటోల్లో చుట్టూ కాస్త చోటు వదలాలి.

ఫ్లాష్ వెలుగు సుమారు పది అడుగుల వరకే అందుతుంది. రాత్రి పెళ్లి పందిరి మొత్తాన్ని ఈ ఫ్లాష్‌తో పట్టాలని చూస్తే ముందు వరసలోని వారు మాత్రమే కనిపిస్తారు, వెనకంతా నలుపు. నాలుగు నుంచి పది అడుగుల మధ్య ఇద్దరు ముగ్గురిని నిలబెట్టి తీస్తే ఈ కెమెరా బాగా తీస్తుంది. పగలు కూడా నీడలో ఉన్న ముఖాలకు ఫ్లాష్ వాడుకోవాలి. ఫ్లాష్ వెలగకపోతే లోపల వెలుతురు చాలనప్పుడు షట్టర్ పావు సెకను దాకా తెరుచుకుని ఉంటుంది. అంతసేపు చేతిలో పెట్టె కదలకుండా ఉండదు. ఎక్కడైనా ఆనించి తీయాలి. ఫ్లాష్ ఛార్జి అయినట్టు దీపం వెలిగేదాకా ఆగడం కూడా ముఖ్యమే.

వెలుతురును కొలిచేది కెమెరా ముందున్న చిన్న కన్ను. దాన్ని వేలితో మూయకూడదు. అది తన ఎదుట ఉన్న వెలుగంతటినీ కలిపి సగటు చూస్తుంది, ఏది ముఖ్యమో దానికి తెలియదు. మధ్యాహ్నం ఇంటి అరుగు మీద కూర్చున్న నాయనమ్మను లోపలి వైపు నుంచి తీస్తే వెనక వీధిలో మండే ఎండ ఆ కన్నును నింపేస్తుంది. కెమెరా షట్టర్‌ను త్వరగా మూసేస్తుంది. వీధి చక్కగా వస్తుంది, నాయనమ్మ ముఖం నల్లగా మిగులుతుంది. ఆమెను వీధి వైపు తిప్పి, తీసేవారు వీధిలోకి దిగి నిలబడితే అదే వెలుతురు ముఖం మీద పడుతుంది. చోటు మారే వీలు లేనప్పుడు ముందువైపున్న మీటను తెలుపు గుర్తు వైపు కొంచెం జరపాలి. తెల్ల గోడ ముందో, సముద్రపు ఇసుకలోనో తీసేటప్పుడు కూడా ఇదే ఉపాయం. ఈ మీట తప్ప ఈ కెమెరాలో సరిచేసుకునే సాధనం లేదు, కనుక దాన్ని జరపడానికి జంకకూడదు.

బటన్ నొక్కేటప్పుడు ఎడమ చేయి కెమెరా అడుగున ఉండాలి, వేళ్లు చీలికకు అడ్డం రాకూడదు. ఫొటో బయటికి రాగానే దానిమీద వెలుగు పడకుండా చూడడం కొత్త ఫిల్ముతో అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త. మొదటి కొన్ని సెకన్లలో ముదురు తెర పూర్తిగా పరుచుకోదు, ఆ వ్యవధిలో పడిన ఎండ బొమ్మను వెలిసిపోయేలా చేస్తుంది. చీలిక మీద బిగించుకునే నల్లటి చుట్టరేకు ఒకటి దొరుకుతుంది. ఫొటోతో పాటే అదీ సాగి పైన కప్పుకుంటుంది. అది లేకపోతే అరచేయి అడ్డం పెట్టి, వెంటనే ఫొటోను బోర్లించాలి. నలుపు తెలుపు ఫిల్ముకు ఐదు నుంచి పది నిమిషాలు, రంగుల ఫిల్ముకు పది నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అంతవరకూ తీసి తీసి చూడకుండా ఉండడమే మేలు.

ఫొటోను గాలిలో ఊపకూడదు. ఒలిచి తీసే పాత ఫిల్ము పైభాగం తడిగా ఉండేది, ఆరడానికి ఊపేవారు. ఈ ఫిల్ములో తడి అంతా పొరల లోపలే ఉంటుంది, ఆరవలసిందేమీ లేదు. ఊపితే, వంచితే పొరలు విడిపోయి ముద్ద అటూ ఇటూ జరిగి మచ్చలు పడతాయి. పొర చిరిగి ముద్ద చేతికి అంటితే అది క్షారమని గుర్తుంచుకుని ఎక్కువ నీళ్లతో కడుక్కోవాలి. పిల్లలకు ఫొటో ఇచ్చినప్పుడు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

రసాయన చర్య కాబట్టి వాతావరణం దానిని నేరుగా తాకుతుంది. 13 నుంచి 28 డిగ్రీల మధ్య ఈ ఫిల్ము బాగా పనిచేస్తుంది. చలి ఎక్కువైతే అద్దకాలు మందకొడిగా కదిలి, బొమ్మ వెలవెలబోయి నీలిరంగు తిరుగుతుంది. ఎండ ఎక్కువైతే పసుపు, ఎరుపు ఛాయలు అలుముకుంటాయి. డిసెంబరులో లంబసింగి వెళ్లినవారు ఫొటోను చొక్కా లోపలి జేబులో ఒంటి వెచ్చదనం తగిలేలా ఉంచుకోవాలి. వేసవిలో రెంటచింతలలోనూ రామగుండంలోనూ ఈ ఫిల్ముకు బయట చోటే లేదు. అప్పుడు కెమెరాను కారులో వదలకుండా, తీసిన వెంటనే ఫొటోను చల్లటి గదిలోకి తీసుకుపోవాలి, లేదా తెల్లవారుజామునే తీసుకోవాలి. తెలుగు నేల మీద ఈ కెమెరాకు మంచికాలం కార్తికం నుంచి మాఘం దాకా. విదేశాల నుంచి ఫిల్ము తెప్పించుకునేవారు దాన్ని విమానంలో చేతిసంచిలో పెట్టి, ఎక్స్‌రే యంత్రంలో పడకుండా చేత్తో తనిఖీ చేయమని అడగాలి. సామానుతో పంపితే దానికి పడే కిరణాలు ఇంకా బలమైనవి.

చెడిన ఫొటోలను పారేయకుండా పక్కన పెట్టుకుంటే కెమెరా గురించి అవే చెబుతాయి. వరస మచ్చలు రోలర్ల మురికివి. అంతా వెలిసిపోతే బయటికొచ్చాక వెలుగు తగిలింది, లేదా మీట తెలుపు వైపే ఉండిపోయింది. ఒక మూల బొమ్మ లేకుండా ఉంటే ముద్ద అక్కడిదాకా చేరలేదు, ఫిల్ము పాతదై ఉండాలి, లేదా వేలు తగిలి ఆగి ఉండాలి. మనుషులు మసకగా, వెనక గోడ స్పష్టంగా ఉంటే దూరం చాలలేదు.

మంచి ఫొటోలను కూడా వెంటనే ఆల్బమ్‌లో బిగించకూడదు. లోపలి తడి పూర్తిగా ఆరడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా గాలి తగిలే అట్టపెట్టెలో, ఎండ పడని పొడి చోట ఉంచాలి. గోడకు తగిలించినవి ఎండ సోకితే కొన్నేళ్లలో వెలుస్తాయి. నెగెటివు లేనందున ముఖ్యమైన ఫొటోను మొదటి నెలలోనే స్కాన్ చేయించి పెట్టుకోవాలి. ప్యాకు అయిపోయాక ఖాళీ కార్ట్రిడ్జ్‌ను కెమెరాలోనే ఉంచేయవచ్చు. దుమ్ము లోపలికి పోకుండా ఆపుతుంది. దాని బ్యాటరీలో మిగిలిన శక్తితో కొన్ని నెలల తర్వాత కూడా ఫ్లాష్, మోటారు పనిచేస్తున్నాయో లేదో, కొత్త ఫిల్ము కొనకముందే చూసుకోవచ్చు.